పిన్నుల పిన్ని

మోకాళ్ళ మీద కూర్చుని, పెదవుల మధ్య నాలుగు గుండుసూదులు బిగబట్టి, ఆమె ఒక లావుపాటి మనిషి ప్యాంటు అంచు మడుస్తోంది. అద్దం ముందు నిలబడ్డ ఆ పెద్దమనిషి పొట్ట లోపలికి లాగి పట్టుకున్నాడు. కొత్త ప్యాంటు తొడుక్కున్న మగవాళ్ళందరూ చేసే పనే అది. ఊపిరి వదలమని చెబుదామంటే నోట్లో సూదులు అడ్డం. ఆయన మడమ మీద వేలితో రెండుసార్లు తట్టింది. ఆయనకు అర్థం కాలేదు. చివరికి సూదులు అరచేతిలోకి తీసుకుంది.

"మామూలుగా నిలబడండి సార్. ఇంటికెళ్ళాక ఎలాగూ వదిలేస్తారు కదా."

ఆయన నవ్వాడు. పొట్ట ముందుకొచ్చింది, నడుము పట్టీ కిందికి జారింది, ప్యాంటు అంచు అర అంగుళం దిగింది. ఆమె మళ్ళీ మొదటినుంచీ మడిచి, సుద్దముక్కతో గీత గీసింది.

ఆ గది బట్టల దుకాణం రెండో అంతస్తులో, ట్రయల్ రూముల వెనక ఉంటుంది. కిటికీ లేదు. రెండు కుట్టుమెషీన్లు, అంచులు కొట్టే మెషీను ఒకటి, పొద్దస్తమానం ఆవిరి కక్కే ఇస్త్రీపెట్టె, తలుపు పక్కన నిలువుటద్దం. దుకాణంలో పెట్టే పాట ఇక్కడికి చేరేసరికి మాటలు రాలిపోయి దరువు మాత్రమే మిగులుతుంది. ఆ దరువు మధ్య ఆమె పదహారేళ్ళుగా మనుషులకు సరిపోని బట్టల్ని సరిపోయేలా చేస్తోంది. పొడుగైనవి కోస్తుంది, వదులైనవి బిగిస్తుంది, బిగువైనవాటి కుట్లు విప్పి లోపల దాచిన గుడ్డను బయటికి లాగుతుంది. సరిపోకపోవడం బట్ట తప్పేగాని మనిషి తప్పు కాదని గదిలోకి వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. అది విని చాలామంది తేలికపడి వెళ్తారు.

దుకాణంలో పనిచేసే ఆడపిల్లలు మొదట్లో పిన్నీ అని పిలిచేవాళ్ళు. ఎప్పుడు చూసినా నోట్లో పిన్నులు ఉంటాయని ఒకమ్మాయి పిన్నుల పిన్ని అంది. పేరు అతుక్కుపోయింది. అసలు పేరు హాజరు పుస్తకంలో ఉంది గాని ఆ పేరుతో పిలిస్తే ఆమే ఒక క్షణం ఆగి పలుకుతుంది. నలభై ఎనిమిదేళ్ళు. సన్నటి మనిషి, పొడుగాటి మెడ. గంటల తరబడి మెషీను మీద వంగినా, లేచిందంటే వెన్ను నిటారుగా నిలుస్తుంది. ఆ నిలబడే తీరు ఎక్కడినుంచి వచ్చిందో ఎవరూ అడగలేదు. పైన ఎప్పుడూ ఒక వదులు కోటు. దాని జేబుల్లో సుద్దముక్కలూ, టేపూ, కుట్లు విప్పే చిన్న కత్తీ.

ఆ కోటు కింద ఏముందో తెలిసిన మనిషి ఒక్కడే ఉండేవాడు. ఆయన పోయి పన్నెండేళ్ళయింది.

ఇరవై రెండేళ్ళప్పుడు ఆమె ఒక డ్యాన్సు ట్రూపులో వెనక వరసలో ఆడేది. వెనక వరసంటే మొహం కనపడదు, కాళ్ళు మాత్రం ముందు వరసవాళ్ళకంటే ఎక్కువ అరుగుతాయి. ఒకరోజు ట్రూపు ఓనరు ముగ్గురు ఆడపిల్లల్ని వ్యానెక్కించి ఒక క్లినిక్కుకు తీసుకెళ్ళాడు. "బండి సర్వీసుకి ఇచ్చినట్టే. పొద్దున ఇస్తాం, సాయంత్రం తెచ్చుకుంటాం" అన్నాడు. ముగ్గురూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. వద్దనలేదు. ఇన్నేళ్ళలో తన మీద తనకు కోపం వచ్చినప్పుడల్లా గుర్తుకొచ్చేది ఆ నవ్వే. ముందు వరస అంటే ఆశే కదా.

రొమ్ముల్లో సిలికాన్ సంచులు పెట్టి పంపారు. నెల తిరక్కుండా ముందు వరసలోకి వచ్చింది. మూడేళ్ళు అక్కడే ఉంది. రెండో ఏడు ఎడమవైపు గట్టిపడటం మొదలైంది. మూడో ఏటికి చెక్క గిన్నె బోర్లించినట్టయింది. అది మెల్లగా పైకి జరిగి మెడ ఎముకవైపు చూడసాగింది. బోర్లా పడుకోవడం మానేసింది. చలికాలంలో వేడినీళ్ళు పోసుకుని వచ్చినా, ఒళ్ళంతా వెచ్చబడ్డాక కూడా ఆ రెండూ చాలాసేపు చల్లగానే ఉండేవి, ఎవరివో తెచ్చి తగిలించినట్టు. క్లినిక్కు డాక్టరుకు చూపిస్తే రెండు చేతులతో గట్టిగా నొక్కి, "కొందరి ఒళ్ళు ఇంతే, సర్దుకుంటుంది" అన్నాడు. ఒళ్ళు సర్దుకోలేదు. ఆమే సర్దుకుంది. ట్రూపు బట్టలకు ఎడమవైపు అంచులు విప్పి, కుడివైపు లోపల దూది పెట్టి, రెండూ ఒక్క ఎత్తులో కనపడేలా కుట్టుకోవడం నేర్చింది. ఆ తర్వాత మిగతా పిల్లలవీ కుట్టడం మొదలుపెట్టింది. ఆమెకు కుట్టుపని వచ్చింది అలాగే.

పెళ్ళి చేసుకున్నది ట్రూపులో లైట్లు వేసే అతన్ని. అతనికి అన్నీ తెలుసు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి, "నొప్పిగా ఉంటుందా?" అని అడిగాడు. "అలవాటైంది" అంది. మళ్ళీ అతను ఆ ఊసెత్తలేదు. నిద్రలో కూడా ఎడమవైపు చేయి వేసేవాడు కాదు. ఆడపిల్ల పుట్టాక పాలు చాలినన్ని పడలేదు. కోత చనుమొన చుట్టూ తిరిగి ఉండటం చూసిన నర్సు ఏమీ అడక్కుండా పాలసీసా తెచ్చి ఇచ్చింది. "నాకు పాలు పడలేదు తల్లీ" అని కూతురికి తర్వాత చాలాసార్లు చెప్పింది. ఎందుకు పడలేదో చెప్పలేదు. అమ్మాయికి పదకొండేళ్ళప్పుడు వాళ్ళ నాన్న గుండె ఆగి పోయాడు. ఇక ఆ సంగతి తెలిసినవాళ్ళు దగ్గరలో ఎవరూ లేరనుకుంది.

పదకొండు దాటాక ఒక టీచరమ్మ రెండు పెద్ద సంచులు మోసుకుంటూ గదిలోకి వచ్చింది. బడిలో పిల్లలకు ఆటలు నేర్పుతుంది. అయిదారేళ్ళుగా ఇక్కడికే వస్తుంది. వచ్చిన ప్రతిసారీ పిన్ని చొక్కాలకు పక్క కుట్లు విప్పి వెడల్పు చేసి పెట్టేది. ఇవాళ సంచులు బల్ల మీద బోర్లించింది. పదకొండు చొక్కాలు.

"ఇవన్నీ బిగించాలి పిన్నీ."

పిన్ని ఆమెవైపు చూసింది. మనిషి మారిపోయింది. ఇదివరకు భుజాలు ముందుకు వాల్చి, రెండు చేతులూ ఛాతీ మీద కట్టుకుని నడిచేది. ఇవాళ చేతులు వదిలేసి నిలబడింది.

"ఏంటి, అలా చూస్తున్నావ్? రొమ్ములు తగ్గించే ఆపరేషను చేయించేసుకున్నా. అయిదు నెలలైంది. రెండు కిలోల పైనే తీశారట రెండువైపులా కలిపి. రెండు కిలోల సంచి మెడకి కట్టుకుని పాతికేళ్ళు తిరిగాను చూడు."

ఆమె మొదటి చొక్కా తొడుక్కుంది. గుడ్డ గాలి పట్టిన తెరలా వేలాడింది. పిన్ని వెనక చేరి పక్కల్లో సూదులు గుచ్చసాగింది. చొక్కా మెడ కాస్త జారినప్పుడు భుజం మీద గాడి కనిపించింది. లోపలి బట్ట పట్టీ ఏళ్ళ తరబడి కోసుకుపోయి చేసిన గాడి, వేలు పట్టేంత లోతు.

"అది పోదట" అంది టీచరమ్మ అద్దంలో ఆమె చూపు పసిగట్టి. "పోకపోతే పోయింది. రొమ్ముల కింద చెమటకి పుళ్ళు పడేవి, అవి పోయాయి. పొద్దున లేస్తే వేళ్ళు తిమ్మిరెక్కేవి, అదీ పోయింది. పిల్లలకి పరుగు నేర్పాల్సినదాన్ని పదిహేనేళ్ళు నిలబడి విజిలే ఊదాను. మొన్న వాళ్ళతో కలిసి ఒక రౌండు పరిగెత్తా. పిల్లలంతా ఆగి చూశారు."

"ఇంట్లో ఏమన్నారు?"

"మా ఆయన పది రోజులు అలిగాడు. మా అత్తగారైతే, దేవుడిచ్చింది కోయించుకుంటావా అంది. అత్తయ్యా, మీ కంట్లో శుక్లాలూ దేవుడే ఇచ్చాడు, మీరు తీయించుకోలేదా అన్నాను. మళ్ళీ మాట్లాడలేదు."

పిన్ని నోట్లో సూదులతోనే నవ్వింది. రెండో చొక్కా, మూడో చొక్కా. నాలుగో చొక్కాకు భుజం కుట్టు పట్టడానికి కుడిచేయి ఎత్తింది. చేయి చెవిదాకా వెళ్ళి అక్కడ ఆగిపోయింది. చంకలో ఉన్నది అంతకంటే పైకి పోనివ్వలేదు. ఎడమ చేత్తో సూది గుచ్చింది.

"చేతికేమైంది?"

"పడుకోవడంలో తేడా."

పిన్ని సూదులన్నీ తీసి బల్ల మీది సూదుల దిండుకు గుచ్చింది. పదహారేళ్ళలో ఎవరి ఒంటి గురించీ అడగని ప్రశ్న అడిగింది.

"తీసేశాక... ఖాళీగా అనిపించదా టీచరమ్మా?"

టీచరమ్మ అద్దంలో తనను తాను చూసుకుంది.

"అన్నీ బావున్నాయని అబద్ధం చెప్పను. కింద ఒకచోట కుట్టు విచ్చుకుని మానడానికి రెండు నెలలు పట్టింది. రోజూ కట్టు కట్టించుకుంటూ ఏడ్చేదాన్ని. ఒకవైపు మొన దగ్గర స్పర్శే లేదు, ముట్టుకుంటే వేరేవాళ్ళని ముట్టుకున్నట్టుంటుంది. వస్తుందో రాదో చెప్పలేమన్నారు. ముందే చెప్పారు గనక డాక్టర్ని తిట్టడానికి కూడా లేదు." నవ్వింది. "ఆపరేషనయ్యాక మొదటిసారి లేచి నిలబడితే వెనక్కి పడబోయాను తెలుసా? ఇన్నేళ్ళూ ముందుకి లాగే బరువుకి ఒళ్ళు వెనక్కి లాక్కుని నిలబడేదట. బరువు పోయిందని ఒంటికి తెలియడానికి వారం పట్టింది. ఖాళీ అంటే అదే. కానీ మళ్ళీ చేయించుకుంటావా అంటే, రేపే."

ఆ మాట తర్వాత ఆమె చొక్కా విప్పుతూ, మామూలుగా అన్నట్టు అంది. "ఆ చేయి ఎవరికైనా చూపించుకో పిన్నీ."

"ఇవాళే వెళ్తున్నా" అంది పిన్ని. ఆ విషయం ఇంకొకరికి చెప్పడం అదే మొదలు.

మధ్యాహ్నం గదిలో ఎవరూ లేనప్పుడు తలుపు గడియ పెట్టి, కోటు విప్పి, అద్దం ముందు నిలబడింది. ఏడాదిన్నర కిందట కుడివైపు ఉబ్బడం మొదలైంది. ఒక వారంలోనే చొక్కా గుండీ పట్టలేదు. నొప్పి లేదు. లోపల నీళ్ళు పట్టినట్టు కదిలేది. ఇరవై అయిదేళ్ళ కిందటి సంగతి ఇప్పుడు డాక్టరు ముందు విప్పి చెప్పాలంటే నోరు రాలేదు. కూతురికి తెలుస్తుంది, దుకాణంలో తెలుస్తుంది, ఆటగత్తె అంటారు. చేతిలో విద్య ఉంది. ఎడమవైపు లోపల కొంచెం దూది పెట్టి కుట్టుకుంది. కుడివైపు పెరిగిన కొద్దీ ఎడమవైపు దూది పెంచుతూ పోయింది. మూడు నెలలకోసారి కొలత తీసుకునేది, ఎవరో గిరాకీ బట్టకు తీసుకున్నట్టే. ఎంత చక్కగా కుట్టుకుందంటే, రోజూ పక్కన పడుకునే కూతురు కూడా పసిగట్టలేదు. చంకలో నిమ్మకాయంత గడ్డ లేచాకే, మెషీను పైన దారం తగిలించడానికి చేయి లేవకపోయాకే ఆస్పత్రి మెట్లెక్కింది. రెండు వారాల కిందట అక్కడ సూదితో నీళ్ళు తీశారు, గడ్డలోంచి ముక్క తీశారు. ఇవాళ నాలుగింటికి ఫలితం చెబుతామన్నారు.

నిజానికి ఆమెను ఎక్కువ తొలుస్తున్నది ఆ నాలుగింటి ఫలితం కాదు. మొన్న ఆదివారం కూతురు ఒక కొత్త గౌను తెచ్చి, "అమ్మా, ఇక్కడ లోపల గట్టి కప్పులు పెట్టి కుట్టవా" అని అడిగింది. ఇరవై మూడేళ్ళ పిల్ల, మందుల దుకాణంలో పనిచేస్తుంది. సన్నగా, ఆ వయసులో తల్లి ఉన్నట్టే ఉంటుంది. "ఒక్క ఆర్నెల్లు ఆగు, తర్వాత ఈ కప్పుల బాధ ఉండదు. ఆపరేషను చేయించుకుంటున్నా" అని ఫోనులో ఒక క్లినిక్కు ప్రకటన చూపించింది. తెల్లటి గది, నవ్వే మనుషులు. "గంట పని, మర్నాడే డ్యూటీకి పోవచ్చట." పిన్ని అప్పుడు కూడా నోట్లో సూదులు పెట్టుకుంది. కప్పులు కుట్టి ఇచ్చింది.

మూడున్నరకు, పోయినసారిలాగే పంటి డాక్టరని చెప్పి సెలవడగడానికి ఫ్లోరు మేనేజరు దగ్గరికి వెళ్ళింది. పిన్ని కంటే పదేళ్ళు చిన్నవాడు, మంచివాడే, జోకులు వేయకుండా సెలవివ్వడం మాత్రం చేతకాదు.

"మళ్ళీ పన్నేనా పిన్నీ? ముప్పై రెండూ అయ్యేదాకా తిరుగుతావా ఏంటి?"

"ఇవాళ్టితో తేలిపోతుంది బాబూ."

"వెళ్ళిరా. పన్ను పీకితే ఐస్‌క్రీమ్ తిను."

ఆస్పత్రి వరండాలో బెంచీలన్నీ నిండి ఉన్నాయి. పక్కన కూర్చున్న ముసలాయన చొక్కా చేతుల్లో ఒకటి అంగుళం పొడుగుంది. అది సరిచేయాలని చేతులు పీకుతుంటే, వాటిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అయిదు కావస్తుండగా పిలిచారు.

లేడీ డాక్టరు ముందు తలుపు మూసి వచ్చింది. అలా మూసినప్పుడే పిన్నికి తెలిసిపోయింది.

"లోపల పెట్టినవి ఏ కంపెనీవో రాసిన కాగితం తెమ్మన్నాను. దొరికిందా?"

"లేదండి. ఆ క్లినిక్కు ఉన్నచోట ఇప్పుడు కారు నేర్పే స్కూలుంది. కాగితం నాకివ్వలేదండి అప్పట్లో. ఇస్తే గిస్తే మా ఓనరుకిచ్చుంటారు."

"ఓనరంటే?"

"ట్రూపు ఓనరండి."

డాక్టరు కలం పట్టుకుంది గాని ఏమీ రాయలేదు.

"చూడండి, ఇది రొమ్ము క్యాన్సర్ కాదు."

"క్యాన్సర్ కాదాండీ?"

"క్యాన్సరే. రొమ్ములోంచి పుట్టింది కాదు. లోపల ఏ వస్తువు పెట్టినా ఒళ్ళు దాని చుట్టూ ఒక పొర కట్టుకుంటుంది. మీ ఎడమవైపు గట్టిపడ్డది ఆ పొర బిగుసుకుపోవడం వల్లే. కుడివైపు ఆ పొరలోనే ఈ జబ్బు పుట్టింది. పైతొడుగు గరుకుగా ఉండే రకం పెట్టించుకున్నవాళ్ళలో ఎక్కడో వేలల్లో ఒకరికి వస్తుంది. ఎక్కువమందికి ఏమీ అవదు."

"ఆ ఒకరు నేనన్నమాట" అంది పిన్ని. లాటరీ తగిలినట్టు అన్నానేమో అని తర్వాత అనిపించింది.

"పొర లోపలే ఉండగా వస్తే సంచీ, పొరా కలిపి తీసేస్తాం. చాలామందికి అంతటితో సరి. మీకు చంకలోకీ, ఛాతీ గోడలోకీ పాకింది. ముందు మందులెక్కించి కాస్త కరిగించాలి. తర్వాతే ఆపరేషను." డాక్టరు కేసు కాగితం చూసింది. "వాపు ఏడాదిన్నర నుంచి ఉందన్నారు. ఇంత వాపు ఇంట్లో గాని, పనిలో గాని ఎవరూ చూడలేదా?"

"కనపడకుండా బట్టలు సరిచేసుకున్నానండి. నాకొచ్చిన పని అదే."

డాక్టరు బల్ల మీది కాగితాలు అనవసరంగా సర్దింది.

"ఆపరేషనులో రెండూ తీసేస్తారు కదండీ?"

"రెండూ తీసేస్తాం."

"తీశాక ఎలా ఉంటుంది?"

డాక్టరు అరచేతిని గాల్లో చదునుగా నడిపి చూపించింది. "ఇలా. మచ్చలుంటాయి. చర్మం అక్కడక్కడా లోపలికి పడొచ్చు."

"చుట్టుకొలత ఎన్ని అంగుళాలు తగ్గుతుందంటారు?"

ఆ ప్రశ్న డాక్టరును ఎవరూ అడిగినట్టు లేదు. ఆలోచించి, "నాలుగూ, అయిదూ ఉండొచ్చేమో" అంది. పిన్ని తలూపింది.

ఆమె ఇల్లు చేరేసరికి ఇంకా వెలుగుంది. మూడో అంతస్తులో రెండు గదులు. వంటగది కిటికీలోంచి ఎదురింటివాళ్ళ ఆరేసిన బట్టలు కనిపిస్తాయి. కూతురు అప్పుడే వచ్చి కాళ్ళు కుర్చీ మీద చాపుకుని టీ తాగుతోంది.

"త్వరగా వచ్చావే" అంది.

పిన్ని తలుపు వేసింది. కిటికీ తెర లాగింది. కోటు విప్పింది, చొక్కా విప్పింది, లోపలి బట్టలోంచి దూది తీసి బల్ల మీద పెట్టింది. కూతురు టీ గ్లాసు కింద పెట్టడం మరిచిపోయి అలాగే పట్టుకుని చూసింది. ఒకవైపు పైకి జరిగి బిగుసుకుపోయిన గుండ్రటి గట్టి ముద్ద. రెండోవైపు నిగనిగలాడుతూ ఉబ్బిపోయింది. ఇన్నేళ్ళలో తల్లి తన ముందు బట్టలు మార్చుకోలేదన్న సంగతి అప్పుడు తట్టింది ఆ పిల్లకు.

"నీ వయసప్పుడు పెట్టించుకున్నా" అంది పిన్ని.

తర్వాత అంతా చెప్పింది. ట్రూపు సంగతి, వ్యాను సంగతి, తాను నవ్విన సంగతి, నాన్నకు తెలిసిన సంగతి, ఇవాళ డాక్టరు చెప్పింది. నిలబడే చెప్పింది, మధ్యలో ఆగకుండా, అప్పగించే పాఠంలా. కూతురు ఏడుస్తుందనుకుంది. ఆ పిల్లకు ముందు కోపం వచ్చింది.

"పాలు పడలేదన్నావ్."

"పడలేదు."

"ఎందుకు పడలేదో చెప్పలేదు. మందుల షాపులో పనిచేస్తానమ్మా నేను. రోజుకి వందమందికి ఏ నొప్పికి ఏ డాక్టరో చెబుతా. ఏడాదిన్నర నా పక్కనే పడుకున్నావు. ఒక్క మాట, ఒక్క మాట చెప్పి చావొచ్చు కదా." నోటి నుంచి మాట జారాక ఆ పిల్ల మొహం పాలిపోయింది.

"చెప్పొచ్చు" అంది పిన్ని. "సిగ్గేసింది."

కూతురు లేచి వచ్చి చొక్కా తీసి తల్లి భుజాల మీద కప్పింది. గుండీలు పిన్నే పెట్టుకుంది. ఆ పిల్ల గొంతు తగ్గించి అడిగింది.

"అందరికీ ఇలా అవదు కదా."

"అవదు. నాకైంది."

"నన్ను వద్దంటావా?"

పిన్ని ఆలోచించింది. వద్దు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. తనను ఒకరు తీసుకెళ్ళారు. ఇప్పుడు తాను ఆపితే అది కూడా ఇంకొకరి ఒంటి మీద పెత్తనమే అనిపించింది.

"ఒళ్ళు నీది. కానీ నేను అడగనివన్నీ నువ్వు అడుగు. ఏం పెడుతున్నారు, ఎన్నేళ్ళుంటుంది, గట్టిపడితే ఎవరు తీస్తారు, ఏటేటా ఎవరు చూస్తారు. గంట పని అంటున్నారుగా, ఆ గంట తర్వాత ముప్పై ఏళ్ళ సంగతి అడుగు. జవాబు చెప్పకుండా నవ్వితే లేచి వచ్చెయ్."

కూతురు బల్ల మీది దూదిని తీసి, ఎక్కడ పెట్టాలో తెలియక, చేతిలోనే పట్టుకుని కూర్చుంది. ఆ సాయంత్రం పిన్ని ఇరవై అయిదేళ్ళలో మొదటిసారి ఇంట్లో కోటు లేకుండా తిరిగింది. అన్నం కూడా అలాగే తింది.

మరుసటి వారం నుంచి మందులెక్కించడం మొదలైంది. మధ్యలో ఒంట్లో బావున్న రోజుల్లో దుకాణానికి వెళ్ళింది. టీచరమ్మ పదకొండు చొక్కాలూ పూర్తి చేసి, ఇస్త్రీ చేసి ఇచ్చింది. మేనేజరుకు పన్ను కాదని చెప్పింది. అతను జోకు వేయబోయి, నోరు మూసుకుని, ఆ గదికి ఒక చిన్న ఫ్యాను పెట్టించాడు. రెండో విడత మందు ఎక్కిన తొమ్మిదో రోజు పొద్దున ఆమెకు చలిజ్వరం వచ్చింది. కూతురు వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళింది. ఒంట్లో రోగాన్ని ఎదుర్కొనే కణాలు మందు వల్ల పడిపోయాయన్నారు. మర్నాడు మధ్యాహ్నం, వార్డులో భోజనాల బండి వచ్చి వెళ్ళిన వేళ, ఆమె మెల్లగా పోయింది. కూతురు అప్పుడు మంచం పక్కనే ఉంది. నిద్రపోతోందనుకుంది. ఆపరేషను దాకా రాలేదు గనక లోపల ఉన్నవి తీయలేదు, అవీ ఆమెతోనే వెళ్ళాయి.

పది రోజుల తర్వాత కూతురు తల్లి సామాను తీసుకోవడానికి దుకాణానికి వచ్చింది. మేనేజరు తలుపు తాళం తీసి, లోపలికి రాకుండా బయటే నిలబడ్డాడు. కత్తెరలూ, టేపూ, చేతి సంచీ సర్దుకున్నాక, తలుపు వెనక కొక్కేనికి వేలాడుతున్న ఒక చొక్కా కనిపించింది. గిరాకీదేమో అనుకుని చీటీ తిప్పి చూసింది. చీటీ మీద తల్లి చేతిరాతతో "సొంతం" అని ఉంది.

లేత నీలం రంగు నూలు చొక్కా. వదులుది కాదు. పైన కోటు వేసుకోవాల్సిన అవసరం లేకుండా ఒంటి కొలతకు కుట్టింది. ఆడవాళ్ళ చొక్కాకు ఛాతీ దగ్గర ఒంపు కోసం వేసే మడతలు దీనికి వేయలేదు. ముందు భాగం మెడ నుంచి అంచుదాకా పలక మీద పరిచిన కాగితంలా చదునుగా ఉంది. కాజాలు ఆరూ కోసి, చుట్టూ దారంతో చక్కగా అల్లి ఉన్నాయి, గుండీలు మాత్రం ఇంకా కుట్టలేదు.